సొరుగులో చేప లేదు

"మీరు ప్రతి డైలాగు తర్వాతా వదిలే గ్యాప్‌లో ఒక ట్రామ్ పట్టేస్తుంది," అంది బోగ్నా, తెర మీంచి కళ్ళు తిప్పకుండానే.

తలుపు కొట్టి, పేరు చెప్పుకుని నిలబడ్డ మనిషి తడిసిన టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు. వూచ్ నగరంలో ఆ అక్టోబరు నెలంతా వర్షమే. అతని బూట్ల నుంచి కారిన నీళ్ళు ఎడిటింగ్ గది నేల మీద చిన్న మడుగు కడుతున్నాయి.

"ఏ ట్రామండీ?" అన్నాడు.

"ఏమిటీ?"

"పాత ట్రామైతే ఒప్పుకుంటాను. అది పొట్టిది. కొత్త ట్రామంటే మాత్రం అన్యాయం."

బోగ్నా అప్పుడు తల తిప్పి చూసింది. ఆ మొహాన్ని ఆమె కొన్ని వారాలుగా రోజూ చూస్తూనే ఉంది. కాకపోతే తెర మీద. పల్లెటూరి పశువుల ఆసుపత్రి కథగా ప్రతి గురువారం వచ్చే, ఆమె ఎడిట్ చేసే సీరియల్‌లో డాక్టరుగారి అసిస్టెంటు అతను. పేరు రెమెక్. ఒక స్కిట్ల బృందంలోంచి కొత్తగా సీరియల్లోకి వచ్చాడు.

"ఫిర్యాదు చెయ్యడానికి వచ్చారా?" అంది.

"అబ్బే, అర్థం చేసుకుందామని. మొన్న గురువారం మా అమ్మమ్మ ఫోన్ చేసి, 'నువ్వు తలుపు తీసుకుని లోపలికొచ్చావు, వెంటనే బయటికి పోయావు, మధ్యలో ఏమైందిరా?' అని అడిగింది. నాకేం చెప్పాలో తెలియలేదు."

"మధ్యలో మీరు ఎదురుచూశారు."

"దేనికి?"

"అది మీరే చెప్పాలి. ఒక మాట అంటారు. కళ్ళు కొంచెం పైకెత్తుతారు. ఇక అలా ఉండిపోతారు, స్టాపులో బస్సు కోసం నిలబడ్డట్టు."

"జనం నవ్వుతారని," అన్నాడు అతను మామూలుగా. "స్టేజీ మీద అలవాటు. వాళ్ళ నవ్వు అయ్యాకే తర్వాతి మాట అనాలి. లేకపోతే అది వినపడదు."

"ఇక్కడ జనమెక్కడున్నారు? ఆవు ఉంది. డాక్టరుగారున్నారు. కెమెరా ఉంది."

"ఇళ్ళల్లో ఉంటారుగా."

"ఇళ్ళల్లో వాళ్ళు సూప్ తాగుతుంటారండీ. మీరు ఆగిన కొద్దీ వాళ్ళ సూప్ చల్లారిపోతుంది."

రెమెక్ గట్టిగా నవ్వాడు. ఆ చిన్న గదికి ఆ నవ్వు పెద్దదైపోయింది. "బాగుంది! ముందే అనుకున్నారా, అప్పటికప్పుడు వచ్చిందా?"

"నేనేం జోకు వెయ్యలేదు."

"వేశారు. తెలియకుండా వేసేవాళ్ళతోనే మాకు భయం."

బోగ్నా మళ్ళీ తెర వైపు తిరిగింది. జోకులు వేసేవాళ్ళతో ఆమెకు ఓపిక తక్కువ. ఆ ఓపికంతా చిన్నతనంలోనే ఖర్చయిపోయింది.

"సరేనండీ, వెళ్తాను," అన్నాడతను. తలుపు పిడి మీద చెయ్యి వేశాడు. భుజం ముందుగా గది దాటింది. ఆ వెనకే ఒళ్ళంతా దాటబోయి, ఒక్క తల మాత్రం ఏదో గుర్తొచ్చినట్టు లోపలే ఉండిపోయింది. "ఒక్కటి మాత్రం. దూడ పుట్టిన సీన్లో గ్యాప్ కొయ్యకండి. దయచేసి."

బోగ్నా మౌస్ వదిలేసి అటు తిరిగింది.

"అది ఎక్కడ నేర్చుకున్నారు?"

"ఏది?"

"అదే. ఒళ్ళు వెళ్ళిపోయాక తల ఆగడం. అసలు మాట అక్కణ్ణించి చెప్పడం."

"ఇదా? స్కిట్లు వేసే ప్రతివాడూ చేస్తాడండీ. నాకు మా మాస్టారు నేర్పారు. ఆయన జెనోన్ గారి దగ్గర చూసి నేర్చుకున్నారట. జెనోన్ గారు తెలుసుగా?"

"తెలుసు," అంది బోగ్నా. "మా నాన్న."

ఆమె వాళ్ళ అమ్మ ఇంటిపేరు పెట్టుకుంది కాబట్టి అతనికి ఆ సంగతి తెలిసే అవకాశం లేదు. రెమెక్ తల ఆ తలుపు సందులోనే కాసేపు ఉండిపోయింది. టోపీ తలకి పెట్టుకుని, మళ్ళీ తీసి, తల వంచి, తలుపు మెల్లగా వేసుకుని వెళ్ళిపోయాడు.

*

జెనోన్ పేరు ఆ దేశంలో ఇంటింటికీ తెలుసు. చదువుకునే రోజుల్లో, విద్యార్థుల క్లబ్బు కింద ఉన్న సెల్లార్‌లో, నలుగురు స్నేహితులతో స్కిట్లు మొదలుపెట్టాడు. ఆ సెల్లార్ లోంచి టీవీకి వెళ్ళాడు, సినిమాలకి వెళ్ళాడు, కానీ శనివారం వచ్చిందంటే మళ్ళీ ఆ మెట్లు దిగేవాడు. ఆయన మాటలు ఇప్పటికీ కూరగాయల కొట్లో వినిపిస్తాయి, పోస్టాఫీసు క్యూలో వినిపిస్తాయి. పోయిన వసంతంలో ఆయన చనిపోయాడు. అంత్యక్రియలకు వచ్చినవాళ్ళు సమాధి పక్కన నిలబడి ఆయన మాటలే ఒకరికొకరు చెప్పుకుని నవ్వారు. ప్రేమతోనే నవ్వారు. బోగ్నాకు ఆ సంగతి తెలుసు. అయినా అప్పట్నుంచీ ఆమె ఆ సెల్లార్ వైపు వెళ్ళలేదు.

రెమెక్ వెళ్ళిపోయాక ఆమె పని చేసుకోలేకపోయింది. కొత్త ఎపిసోడ్ మొదటి నుంచి పెట్టుకుని చూసింది.

డాక్టరుగారి వేషం వేసిన ఆవిడ చెడ్డవార్త వినగానే టీ కప్పు పెదాల దాకా తెచ్చి, తాగకుండా సాసరులో పెట్టింది. అది నాన్నది. చర్చి ఫాదరు వేషంలో ఉన్నాయన అబద్ధం చెప్పే ముందు చెవి తడుముకున్నాడు. అదీ నాన్నదే. ఆఖరికి డైరెక్టరు సైతం, మాట్లాడుతున్న మనిషిని వదిలేసి, వింటున్న మనిషి మొహం మీద కెమెరా పెట్టింది. నవ్వెప్పుడూ వినేవాడి మొహంలోనే పుడుతుందని నాన్న అన్నం ముందు కూర్చుని ఎన్నిసార్లు చెప్పాడో.

వీళ్ళలో చాలామంది ఆయన్ని ఎన్నడూ కలిసి ఉండరు. ఎవరి దగ్గరో చూసినవాళ్ళ దగ్గర చూసి నేర్చుకుని ఉంటారు. అయినా ఆయన వాళ్ళ చేతుల్లో ఉన్నాడు, మెడ తిప్పడంలో ఉన్నాడు. అది తెలియకుండానే ఆమె ఇన్నాళ్ళూ నాన్నను కత్తిరిస్తూ కూర్చుంది.

దూడ పుట్టిన సీన్ వచ్చింది. రెమెక్ చేతుల్లో తడి దూడ. "ఆడది," అంటాడు. తర్వాత ఏమీ అనడు. ఆవు వైపు చూస్తాడు, అంతే. ఈసారి అతను ఎవరి నవ్వుకోసమూ ఎదురుచూడటం లేదు.

బోగ్నా ఆ గ్యాప్ కొయ్యలేదు.

*

ఆ గురువారం ఎపిసోడ్ వచ్చింది. శుక్రవారం పొద్దున్నే రెమెక్ గసగసాల కేకు పట్టుకుని ఎడిటింగ్ గదికి వచ్చాడు.

"ఇది నాకా?"

"దూడ పంపించింది."

"దూడకి నా థాంక్స్ చెప్పండి. మిగతా మూడు సీన్లలో మిమ్మల్ని కోశానని కూడా చెప్పండి."

"దానికి తెలుసు. మీ మీద దానికి కోపం లేదు. నాకే కొంచెం."

ఆ తర్వాత అతను వస్తూనే ఉన్నాడు. మొదట్లో తన సీన్లు చూడటానికి వచ్చేవాడు. తర్వాత తన సీన్లు లేని రోజుల్లోనూ వచ్చేవాడు. ఆమె ఒకే సీను గ్యాప్‌తో ఒకసారి, లేకుండా ఒకసారి వేసి చూపించేది. అతను కుర్చీలో వెనక్కి వాలి, "అమ్మో, నేనింత బరువా!" అనేవాడు. మధ్యాహ్నం ఇద్దరూ ఒకే గొడుగు కింద దూరి వీధి చివరి చిన్న హోటల్‌కి సూప్ తాగడానికి వెళ్ళేవాళ్ళు. గొడుగు అతనిది. తడిసేది కూడా అతనే.

'మీరు' ఎప్పుడు 'నువ్వు' అయిందో ఇద్దరికీ గుర్తులేదు.

"స్టేజీ మీద నవ్వాపుకోలేకపోవడాన్ని మేమేమంటామో తెలుసా?" అని అడిగాడు ఒకరోజు. "ఉడికిపోవడం అంటాం. పక్కవాణ్ణి ఉడికించినవాడే మొనగాడు."

"తెలుసు. మా ఇంట్లో రాత్రి భోజనం దగ్గర రోజూ ఎవరో ఒకరు ఉడికిపోయేవాళ్ళు. సూప్ ముక్కులోకి వచ్చేది."

"ఎంత అదృష్టం!"

"అదృష్టమే," అంది బోగ్నా. "కానీ రెమెక్, ఆయన ఏ మాటా సూటిగా అనలేదు. ఆసుపత్రిలో చివరి వారం కూడా నర్సుల్ని నవ్విస్తూనే ఉన్నాడు. నాతో ఒక్క మాట, ఒకే ఒక్కటి, జోకు లేకుండా చెప్తాడని పక్కన కూర్చుని చూశాను. చెప్పలేదు."

రెమెక్ చెంచా కింద పెట్టాడు.

బయట ట్రామ్ స్టాపులో ఆమె అతని వైపు తిరిగింది. వర్షం రేకు కప్పు మీద టపటపమంటోంది. "నువ్వు చెప్పు చూద్దాం. ఒక్కసారి, జోకు లేకుండా, నీ మనసులో ఉన్నది ఏదైనా."

అతను గొడుగు మూశాడు. మళ్ళీ తెరిచాడు. గొంతు సవరించుకున్నాడు. చెవులు ఎర్రబడ్డాయి.

"నాకు... పుట్టగొడుగులు పడవు."

"ఇంతేనా?"

"ఒళ్ళంతా దద్దుర్లు వస్తాయి. నిజంగా."

ట్రామ్ వచ్చింది. బోగ్నా ఎక్కింది. కిటికీలోంచి చూస్తే అతను గొడుగు పట్టుకుని తనను తానే తిట్టుకుంటూ నిలబడి ఉన్నాడు. ఆమెకు నవ్వొచ్చింది. ఆ వెంటే భయం కూడా వేసింది. ఈ మనిషి అంటే తనకు ఇష్టం. జీవితమంతా పక్కన కూర్చుని, ఎప్పటికీ రాని మాట కోసం మళ్ళీ ఎదురుచూడటం మాత్రం తనవల్ల కాదు.

మర్నాడే అతను సినిమా సంగతి చెప్పాడు. సముద్రం ఒడ్డున తీస్తున్న ఒక విషాదకథలో పెద్ద వేషం. "స్కిట్లవాళ్ళే కావాలట ఆ డైరెక్టరుకి. మాట్లాడకుండా నిలబడటం మాకే బాగా వచ్చట." చలికాలమంతా అక్కడే. సీరియల్లో అసిస్టెంటును ఎక్కడికో పంపించేస్తారు.

"వెళ్ళు మరి," అంది బోగ్నా.

"వెళ్ళమంటావా?"

"వేషం మంచిదే కదా?"

"మంచిదే."

"అయితే వెళ్ళు."

ఇద్దరూ చెప్పాలనుకున్నది అది కాదు. అయినా ఇద్దరూ అదే చెప్పుకున్నారు.

*

కోస్మా గారు సీరియల్‌కి సౌండు చూస్తారు. సెల్లార్‌లో స్కిట్లకి కూడా ఆయనే చూస్తారు, జెనోన్ ఉన్నప్పటి నుంచీ. ఆయన ఒకరోజు ఎడిటింగ్ గదికి వచ్చి కుర్చీ లాక్కుని కూర్చున్నారు.

"అమ్మాయ్, ఈ శనివారం పచ్చ ప్రదర్శన. మీ నాన్న ప్రోగ్రాం ఇక ఆపేస్తున్నాం."

ఏ నాటకానికైనా ఆఖరి ఆటని అక్కడివాళ్ళు పచ్చ ప్రదర్శన అంటారు. ఆ రోజు నటులు ఒకరినొకరు ఉడికిస్తారు. డైలాగు మారుస్తారు, నీళ్ళ గ్లాసులో వోడ్కా పోస్తారు, కోటు జేబులు కుట్టేస్తారు. చూసేవాళ్ళకి ఆ సంగతి తెలియకూడదు. చేసేవాళ్ళు ఉడికిపోకూడదు. ఆ రోజు స్టేజీ మీద విన్న ఏ మాటనూ ఎవరూ నమ్మరు.

"నాకెందుకు చెప్తున్నారు?"

"టికెట్ కౌంటర్ స్కిట్లో గుమాస్తా వేసే పిల్లకి గొంతు పోయింది. నీకా స్కిట్ మొత్తం వచ్చు. చిన్నప్పుడు సోఫా మీదెక్కి అప్పజెప్పేదానివి."

"నేను నటిని కాదు కోస్మా గారూ."

"కౌంటరు వెనక కూర్చుని 'ఎక్కడికి?' అనడమేనమ్మా. మీ నాన్న వేసే వేషం ఈసారి రెమెక్ వేస్తున్నాడు. మీ నాన్నకి ఇష్టమైన స్కిట్. ఆఖరిసారి దాన్ని తెలియనివాళ్ళ చేత వేయించమంటావా?"

ఆమె తెర మీద నడుస్తున్న సీను ఆపేసింది. తర్వాత సరేనంది.

శనివారం సాయంత్రం ఆమె గోడ పట్టుకుని ఆ మెట్లు దిగింది. కింద అదే తేమ వాసన, అవే మడత కుర్చీలు, గోడల వెంబడి కూడా కిక్కిరిసిన జనం. తను అనుకున్నంత కష్టం కాలేదు. తెర వెనక అందరూ ఆమెను కావలించుకుని, "జాగ్రత్త, ఇవాళ ఏదైనా జరగొచ్చు. ఏం జరిగినా నవ్వకు," అన్నారు.

స్కిట్ సులువైనదే. ఒకడు రైల్వే కౌంటరుకి వచ్చి టికెట్ అడుగుతాడు. ఎక్కడికంటే చెప్పలేడు. వాడికి తెలిసిందల్లా వెళ్ళాలనే. గుమాస్తా ఊళ్ళ పేర్లు చదువుతూ పోతుంది, వాడు ఒక్కో ఊరికీ ఒక్కో వంక పెడతాడు. చివరికి, "పోనీ, ఇంటికి ఇవ్వండి," అంటాడు.

రెమెక్ జెనోన్ వేసే పాత కోటు వేసుకుని వచ్చాడు. మొదటి మాటకే హాలు నవ్వింది. బోగ్నా భయం పోయింది. ఊళ్ళ పేర్లు వాటంతటవే నోటికి వచ్చాయి. వాళ్ళిద్దరి మధ్యా మాటలు చక్కగా బంతిలా తిరిగాయి.

చివరి మాట దగ్గరికి వచ్చింది.

"ఇంతకీ ఎక్కడికండీ?" అంది బోగ్నా, స్కిట్లో ఉన్నట్టే విసుగ్గా.

రెమెక్ కౌంటరు మీదికి వంగాడు. "బోగ్నా ఎక్కడుంటే అక్కడికి," అన్నాడు. "ఆ ఊరికి ఒకటి. తిరుగు టికెట్ వద్దు."

హాలు ఘొల్లుమంది. బోగ్నా చేతిలో పెన్సిల్ ఆగిపోయింది. వెంటనే గుర్తొచ్చింది, ఇవాళ పచ్చ ప్రదర్శన. తనను ఉడికిస్తున్నారు. పక్కన తెర వెనక అందరూ తన మొహమే చూస్తుంటారు. ఇన్ని మాటలుండగా దీనితోనే ఆడుకోవాలా?

ఆమె మొహంలో ఒక్క గీత కూడా కదలలేదు. నాన్నలాగే పెన్సిల్ చెవి వెనక పెట్టుకుంది.

"ఆ ఊరికి రైళ్ళు రద్దయ్యాయండీ. తర్వాతివాళ్ళు రండి!"

సెల్లార్ కప్పు ఎగిరిపోతుందేమో అన్నంత నవ్వు. జనం లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. రెమెక్ కూడా నవ్వాడు, వంగి దండం పెట్టాడు, పక్క తలుపులోంచి వెళ్ళిపోయాడు.

తెర వెనక ఆమెను ఎత్తినంత పని చేశారు. "రెమెక్‌ని ఉడికించేశావు! కళ్ళల్లో నీళ్ళొచ్చేశాయి వాడికి!" "జెనోన్ కూతురంటే జెనోన్ కూతురే!" బోగ్నా నవ్వుతూనే చుట్టూ చూసింది. అతను కనిపించలేదు. కోటు మేకుకి వేలాడుతోంది.

కోస్మా గారు కేబుళ్ళు చుట్టుకుంటూ వచ్చారు. "చేప లేకుండానే బాగా చేశావమ్మా."

"ఏ చేప?"

"కౌంటరు సొరుగులో. పచ్చ ప్రదర్శన అంటే గుమాస్తా సొరుగులో ఉప్పుచేప పెట్టాల్సిందే, మీ నాన్న నాటి నుంచీ. టికెట్ తీద్దామని చెయ్యి పెడితే చేప! ఎంతమంది కెవ్వుమన్నారో. ఇవాళ నేను తెచ్చాను కూడా, కాగితంలో చుట్టి. రెమెక్ పెట్టనివ్వలేదు."

"ఎందుకు?"

"ఏమో. 'ఇవాళ ఆమెని ఎవరూ ఏమీ చెయ్యొద్దు' అని అందరి దగ్గరికీ వెళ్ళి బతిమాలాడు. చేప నా జేబులోనే ఉండిపోయింది. ఇంటికెళ్తే మా ఆవిడ చంపుతుంది." ఆయన ఆగి ఆమె మొహం చూశారు. "ఏమైందమ్మా?"

బోగ్నా కౌంటరు దగ్గరికి వెళ్ళి సొరుగు లాగింది. టికెట్ ముక్కలు, ఒక రబ్బరు బ్యాండు. ఇంకేమీ లేదు.

ఆమె ఆ గుమాస్తా స్టూలు మీదే కూర్చుండిపోయింది. ఆమెతో ఎవరూ ఆడుకోలేదు. అతను అన్న మాట నిజం మాట. దానికి తను ఇంతమంది ముందు, పెన్సిల్ చెవి వెనక పెట్టుకుని మరీ, ఆ జవాబిచ్చింది.

*

ఆదివారమంతా ఆమె చేస్తూనే ఉంది, అతని ఫోను మోగి మోగి ఆగిపోయింది. సోమవారం డబ్బింగు. సినిమాకి వెళ్ళేముందు అతను చెయ్యాల్సిన చివరి పని అదే. ఆ సాయంత్రమే రైలు.

బోగ్నా వెళ్ళేసరికి రెమెక్ అప్పటికే గాజు అవతల మైకు ముందు ఉన్నాడు. ఆమెను చూసి మర్యాదగా తల ఊపాడు. మరీ మర్యాదగా. ఇవతల బల్ల దగ్గర కోస్మా గారు. తెర మీద ఈనబోతున్న ఇంకో ఆవు, పక్కన మోకాళ్ళ మీద అసిస్టెంటు. షూటింగు రోజు గాలి గోలలో ఒక మాట పాడైపోయింది. దాన్ని మళ్ళీ చెప్పాలి.

"భయపడకు. నేనున్నాను," అన్నాడు రెమెక్ తెర మీది ఆవుతో.

"ఆవు నమ్మలేదు," అన్నారు కోస్మా గారు. "మళ్ళీ."

"భయపడకు. నేనున్నాను."

"ఇప్పుడు ఆవే నీ మీద జాలిపడుతోంది. మళ్ళీ."

"భయ..." రెమెక్ హెడ్‌ఫోన్ సర్దుకున్నాడు.

బోగ్నా చెయ్యి చాచి లోపలికి మాట్లాడే బటన్ నొక్కింది.

"రెమెక్, సొరుగులో చేప లేదు."

గాజు అవతల అతను కదలలేదు.

"కోస్మా గారు చెప్పారు. నువ్వే పెట్టొద్దన్నావట."

"ఆయన కడుపులో ఏ మాటా ఆగదు."

"నేనిక్కడే ఉన్నానయ్యా," అన్నారు కోస్మా గారు.

"అందుకే అంటున్నాను."

"నా వైపు చూడు," అంది బోగ్నా. "నేను ఆట అనుకున్నాను. నన్ను ఉడికిస్తున్నావనుకున్నాను. పచ్చ ప్రదర్శనలో ఎవడైనా నిజం చెప్తాడా?"

"చెప్పకూడదా?"

"ఏడాదిలో ఇంకే రోజైనా చెప్పొచ్చు, మొద్దూ! ఆ ఒక్కరోజు తప్ప!"

"ఇంకే రోజూ నాకు నోరు రాదు బోగ్నా." అతను మైకు పక్కకి నెట్టాడు, కానీ మాట ఇంకా స్పష్టంగానే వినబడుతోంది. "హాలు నిండా జనం ఉంటే ఎంత కష్టమైన మాటైనా అనెయ్యగలను. వాళ్ళు నవ్వుతారు, ఆ నవ్వు వెనక దాక్కోవచ్చు. అలాగే అనేశాను. నువ్వు రైళ్ళు లేవన్నావు. తెలిసే అన్నావనుకున్నాను. నా మాట అర్థమై, అందరి ముందూ సిగ్గుపడకుండా తప్పుకోవడానికి నాకు దారి చూపిస్తున్నావనుకున్నాను."

"రెండు రోజుల్నుంచీ అదే అనుకుంటున్నావా?"

"ఒక్కసారి మాత్రం చాలా మంచి జవాబని కూడా అనుకున్నాను. నేను రాసినా అంత బాగా రాయలేను."

కోస్మా గారు మొహం పక్కకి తిప్పుకుని దగ్గారు.

"ఇప్పుడు చెప్పు," అంది బోగ్నా.

"ఇక్కడా?"

అతను చుట్టూ చూశాడు. గోడలకి, కప్పుకి మందపాటి స్పాంజి. నేలంతా తివాచీ. ఆ గదిలో చప్పట్లు కొట్టినా చేతుల్లోనే చచ్చిపోతాయి. దాక్కోవడానికి ఏమీ లేదు. హెడ్‌ఫోన్ తీసి స్టాండుకి తగిలించాడు. చేతులెక్కడ పెట్టుకోవాలో తెలియక జేబుల్లో పెట్టుకుని, మళ్ళీ తీసేశాడు.

"నువ్వంటే నాకు ప్రేమ," అన్నాడు. "నువ్వు నా సీన్లు కోస్తున్నప్పటి నుంచీ. సముద్రం దగ్గర వేషం మంచిదే. కానీ నువ్వు 'వెళ్ళు' అన్న దగ్గర్నుంచీ నాకు దాని మీద సంతోషం పోయింది. వెళ్తాను. తిరిగి నీ దగ్గరికే వస్తాను, నువ్వు రమ్మంటే. రమ్మంటావో లేదో తెలియక నాకు నిద్ర పట్టడం లేదు. అంతే. ఇంకేం లేదు."

బోగ్నాకు బటన్ కనిపించలేదు. కళ్ళముందు బల్లంతా అలుక్కుపోయింది.

"నువ్వు లోపలికే వెళ్ళమ్మా," అన్నారు కోస్మా గారు మెల్లగా. "గాజు అడ్డం పెట్టుకుని ఎంతసేపు మాట్లాడతారు?"

ఆమె ఆ బరువైన తలుపు తోసుకుని వెళ్ళింది. అతను అలాగే నిలబడి ఉన్నాడు, పరీక్ష రాసి ఫలితం కోసం వచ్చినవాడిలా.

"రమ్మంటున్నాను," అంది.

"నిజంగా?"

"రాకపోతే వచ్చే ఎపిసోడ్‌లో నిన్ను ఆవు చేత తొక్కించేస్తాను. ఆ ఫుటేజీ నా దగ్గరుంది."

అతను నవ్వాడు. కానీ ఆ నవ్వు మధ్యలో తడబడి, ఒక పెద్ద ఊపిరిగా మారి, అతను వంగి తల ఆమె భుజం మీద పెట్టేశాడు. ఆమె అతని వీపు మీద చెయ్యి వేసింది. శనివారం నుంచీ తను పళ్ళు బిగించే తిరుగుతున్నట్టుంది, దవడ వదులయ్యాకగానీ అది నొప్పిపెడుతోందని తెలియలేదు. శనివారం నుంచే కాదేమో. నాన్న పోయిన వసంతం నుంచీ కావచ్చు.

స్పీకరు గరగరమంది. "పిల్లలూ, క్షమించాలి. ఆవు ఇంకా ఈనలేదు."

రెమెక్ కళ్ళు తుడుచుకుని మైకు దగ్గరికి వెళ్ళాడు. బోగ్నా ఇవతలికి వచ్చింది.

"భయపడకు," అన్నాడు రెమెక్. "నేనున్నాను."

కోస్మా గారు వేలెత్తి చూపించారు. "ఇది చాలు."

బోగ్నా కారిడార్‌లోకి వెళ్ళి అమ్మకు ఫోన్ చేసింది. అవతల కుళాయి చప్పుడు, గిన్నెల చప్పుడు.

"అమ్మా, సాయంత్రం భోజనానికి ఒకర్ని తీసుకొస్తున్నాను."

"ఎవర్ని?"

"రెమెక్ అని. సీరియల్లో అసిస్టెంటు. రైలు రాత్రికి మార్చుకుంటాడు."

కుళాయి ఆగింది. "స్కిట్లవాడు కదూ?"

"అవునమ్మా."

అవతల అమ్మ ఏదో గిన్నె బోర్లించిన చప్పుడు. బోగ్నా గోడకి ఆనుకుని నిలబడింది.

"మంచివాడేనా?"

"మంచివాడే."

"తిండి దగ్గర కుదురుగా కూర్చుంటాడా, లేకపోతే మీ నాన్నలా చెంచాని ముక్కు మీద నిలబెడతాడా?"

బోగ్నా తలుపు అద్దంలోంచి చూసింది. లోపల రెమెక్ రెండు చేతులూ గాల్లో ఊపుతూ ఏదో చెప్తున్నాడు. కోస్మా గారు నవ్వాపుకోలేక బల్ల మీద తల పెట్టేశారు.

"కుదురుగా కూర్చోడమ్మా," అంది. "అబద్ధం చెప్పను."

"సరే, తీసుకురా," అంది అమ్మ. కుళాయి మళ్ళీ తిరిగింది. "ఈ ఇంట్లో భోజనం ఎవరైనా పాడుచేసి చాలా రోజులైంది."